ఆగిపోయిన ఫుట్‌బాల్ సీజన్: ఆడి ముగించినా గొడవే, మధ్యలో తేల్చేసినా గొడవే

2020 మార్చి 12న ఆర్సెనల్ మేనేజర్ మికెల్ ఆర్టెటాకు కొవిడ్ పాజిటివ్ వచ్చింది, మర్నాటికల్లా ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఆగిపోయింది. అప్పటికి లివర్‌పూల్ 29 మ్యాచ్‌ల్లో 82 పాయింట్లతో ఉంది. రెండో స్థానంలో ఉన్న మాంచెస్టర్ సిటీకి 28 మ్యాచ్‌ల్లో 57. సిటీ మిగిలిన పదీ గెలిచినా 87 దాటదు కాబట్టి, 30 ఏళ్లుగా టైటిల్ లేని లివర్‌పూల్‌కు ఇంకో రెండు గెలుపులు చాలు. "ఇంకేముంది, ట్రోఫీ ఇచ్చేయండి" అన్నారు కొందరు. "38 మ్యాచ్‌లూ పూర్తికానిది సీజనే కాదు, మొత్తం రద్దు చేయండి" అన్నారు ఇంకొందరు. రెండోమాట ఎక్కువగా ఎవరి నోట వచ్చిందో చెప్పక్కర్లేదు.

నిజానికి లివర్‌పూల్ సంగతి తేలిక. అసలు చిక్కంతా పట్టిక మధ్యలోనూ అడుగునా ఉంది. అక్కడ ఒక్క పాయింటు తేడాతో ఒక క్లబ్ కింది డివిజన్‌కు పడిపోతుంది, ఇంకోటి యూరప్ పోటీలకు వెళ్తుంది. యుద్ధమో, అంటువ్యాధో, ఇంకేదో వచ్చి సీజన్ మధ్యలో ఆగినప్పుడల్లా ఇదే ప్రశ్న లేస్తుంది. 2020లో దాదాపు ప్రతి దేశమూ ఒకేసారి ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది, ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. అందుకే ఈ విషయం అర్థం చేసుకోవడానికి ఆ ఏడాదికి మించిన ఉదాహరణల మూట లేదు.

సగంలో ఉన్న పట్టిక ఎందుకు నమ్మదగింది కాదు

యూరప్‌లో చాలా లీగ్‌ల పద్ధతి ఒకటే. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండుసార్లు ఆడుతుంది, ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి ఎదుటివాళ్ల దగ్గర. 20 జట్లుంటే 38 మ్యాచ్‌లు, 18 ఉంటే 34. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. ఈ ఏర్పాటులో ఉన్న అందం ఏమిటంటే చివరి రోజుకు అందరూ సరిగ్గా ఒకే పని చేసి ఉంటారు. అవే జట్లు, అన్నే మ్యాచ్‌లు, సొంత మైదానంలో ఎన్నో బయటా అన్నే.

ఆ చివరి రోజు రాకముందు మాత్రం ఇందులో ఏదీ నిజం కాదు. ఒక జట్టు పెద్ద క్లబ్‌లన్నిటితో ఆడేసి ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది, ఇంకో జట్టుకు ఆ గండాలన్నీ ముందే ఉంటాయి. ఒకరు ఒక మ్యాచ్ తక్కువ ఆడి ఉంటారు, వర్షం వల్లనో, కప్ పోటీల వల్లనో. మామూలు సీజన్లో ఇవేవీ లెక్కలోకి రావు, ఎలాగూ చివరికి సర్దుకుంటాయి కాబట్టి. బండి ఆగిపోయిన క్షణంలో మాత్రం ఈ చిన్న తేడాలన్నీ ఒక్కసారిగా కోట్ల రూపాయల తేడాలైపోతాయి.

పణంగా ఉన్నవి మూడు: టైటిల్, మరుసటి ఏడాది యూరప్ పోటీల్లో చోటు, డివిజన్ల మధ్య ఎక్కడం దిగడం. మూడోదే అన్నిటికన్నా కర్కశం. అట్టడుగు జట్లు కిందికి పోతాయి, కింది డివిజన్లో పైనున్నవి ఎక్కుతాయి. దిగిన క్లబ్‌కు టీవీ ఆదాయం పడిపోతుంది, స్పాన్సర్లు తగ్గుతారు, ఆటగాళ్లను అమ్ముకోవాల్సి వస్తుంది, చిన్న క్లబ్బైతే జీతాలకే టెన్షన్. ఒకరిని కాపాడాలంటే ఇంకొకరి ఎదుగుదల ఆపాలి, లేదా లీగ్‌లో జట్ల సంఖ్య పెంచాలి.

"ఆగండి, తర్వాత ఆడేద్దాం" అంటే అడ్డొచ్చేవి

వినడానికి ఇదే అన్నిటికన్నా న్యాయమైన దారి. జర్మనీ బుండెస్‌లిగా మే 16న మళ్లీ మొదలెట్టింది, స్పెయిన్ జూన్ 11న, ఇంగ్లండ్ జూన్ 17న, ఇటలీ జూన్ 20న. ప్రీమియర్ లీగ్ మిగిలిన 92 మ్యాచ్‌లను జూలై 26 నాటికి, అంటే 40 రోజుల్లో ఊడ్చేసింది. పని జరిగింది, కాదనలేం. కాకపోతే ఎన్ని తాళాలు ఒకేసారి తెరుచుకుంటే జరిగిందో చూడాలి.

మొదటిది క్యాలెండర్. ఆ వేసవిలో యూరో కప్ ఉండాలి. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుఎఫా మార్చి 17న దాన్ని ఏడాది వెనక్కి జరపబట్టి లీగ్‌లకు ఆ జాగా దొరికింది. అది జరక్కపోతే మిగతా చర్చకు అర్థమే లేదు. యూరప్ మేటి క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్‌నూ కుదించి, క్వార్టర్ ఫైనల్స్ నుంచి ఒక్కో మ్యాచ్‌తోనే తేలేలా ఆగస్టులో లిస్బన్‌లో పెట్టారు.

రెండోది కాంట్రాక్టులు. చాలామంది ఆటగాళ్ల ఒప్పందాలు జూన్ 30తో ముగుస్తాయి, సీజన్ మేలోనే అయిపోతుందనే లెక్కతో రాసుకున్నవి కదా. అద్దెకు తెచ్చుకున్న ఆటగాళ్లదీ అదే కథ. సీజన్ ఎప్పుడు ముగిస్తే అప్పటిదాకా ఒప్పందాలు పొడిగించుకోండి అని అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా ఏప్రిల్‌లో సూచించింది. అది సూచనే, ఆటగాడి మెడ మీద కత్తి పెట్టే అధికారం ఫిఫాకు లేదు, దేశాల కార్మిక చట్టాలు దానికన్నా పైన ఉంటాయి. బోర్న్‌మత్ వింగర్ ర్యాన్ ఫ్రేజర్ పొడిగింపుకు ఒప్పుకోలేదు. జట్టుకు ఇంకా ఏడు మ్యాచ్‌లుండగా ఆయన వెళ్లిపోయాడు. చివరికి బోర్న్‌మత్ ఒక్క పాయింటు తేడాతో దిగిపోయింది. ఆటగాడిని తప్పుపట్టడం సులువే, కానీ ఆ ఏడు మ్యాచ్‌ల్లో మోకాలు దెబ్బతింటే తర్వాత ఎవరు తీసుకుంటారు? ఇలాగే టిమో వెర్నర్ లైప్‌జిగ్ నుంచి చెల్సీకి మారిపోవడంతో ఆగస్టులో లైప్‌జిగ్ ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు ఆయన లేకుండానే ఆడింది. అంటే మార్చిలో ఆగిన జట్టూ, జూలైలో ముగించిన జట్టూ ఒకటి కాకపోవచ్చు.

మూడోది ఆరోగ్యం. ఒకరికి పాజిటివ్ వస్తే మిగతా జట్టు సంగతేంటి? జర్మనీ రెండో డివిజన్లో డైనమో డ్రెస్డెన్‌కు ఇది పచ్చిగా అనుభవంలోకి వచ్చింది. లీగ్ మళ్లీ మొదలయ్యే వారం ముందు కొత్త కేసులు బయటపడ్డాయని స్థానిక ఆరోగ్య అధికారులు జట్టు మొత్తాన్ని రెండు వారాలు క్వారంటైన్‌లో పెట్టారు. పోటీ జట్లు మైదానంలో సాధన చేస్తుంటే వీళ్లు ఇళ్లలో కూర్చున్నారు. బయటికొచ్చాక మే 31 నుంచి జూన్ 28 దాకా, 29 రోజుల్లో 9 మ్యాచ్‌లు ఆడారు. అట్టడుగున నిలిచి మూడో డివిజన్‌కు పోయారు. ఆగేనాటికే వాళ్లు పట్టిక అడుగున ఉన్న మాట నిజమే, అందుకని వైరస్సే దింపేసిందని తేల్చి చెప్పలేం. అందరికీ ఒకే పరిస్థితుల్లో ముగిసిందని కూడా చెప్పలేం.

స్పెయిన్‌లో ఇంకా విచిత్రం. జూలై 20న రెండో డివిజన్ చివరి రోజు. చివరి రోజు మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి పెట్టడానికి కారణం ఉంది: పక్క మ్యాచ్ ఫలితం ముందే తెలిస్తే దానికి తగ్గట్టు ఆడొచ్చు. ఫ్యూయెన్‌లబ్రాడా జట్టులో కేసులు రావడంతో డెపోర్టివో లా కొరూన్యాతో వాళ్ల మ్యాచ్ ఒక్కటే వాయిదా వేసి మిగతావన్నీ కానిచ్చారు. ఆ రాత్రి వచ్చిన ఫలితాలతో డెపోర్టివో తన మ్యాచ్ ఆడకుండానే మూడో అంచెకు పడిపోయింది. ఆ మ్యాచ్ ఆగస్టు 7న జరిగింది, డెపోర్టివో 2-1తో గెలిచింది, ఆ గెలుపు వాళ్లకు దేనికీ పనికిరాలేదు. ఫ్యూయెన్‌లబ్రాడా ఓడటంతో, పై డివిజన్‌కు ఎక్కే చివరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్‌లో చోటు ఎల్చేకు దక్కింది, ఎల్చే ఆ ప్లేఆఫ్ గెలిచి మొదటి డివిజన్‌కే ఎక్కేసింది.

నాలుగోది డబ్బు, నిజం చెప్పాలంటే వరుసలో మొదట ఉండాల్సింది ఇదే. టీవీ సంస్థలు కొనుక్కున్నది ఇన్ని మ్యాచ్‌ల ప్రసారమని. మ్యాచ్‌లు లేకపోతే సొమ్ము వెనక్కి అడుగుతాయి. ప్రీమియర్ లీగ్ రద్దయితే నష్టం 76 కోట్ల పౌండ్లు దాటుతుందనీ, పూర్తిచేసినా ఆలస్యం వల్ల 33 కోట్ల దాకా వెనక్కివ్వాలనీ అప్పట్లో వార్తలొచ్చాయి. ఫ్రాన్స్‌లో లీగ్ ఆపేశాక క్లబ్‌లను నిలబెట్టడానికి ప్రభుత్వ హామీతో సుమారు 22 కోట్ల యూరోల అప్పు తేవాల్సి వచ్చింది. "ఆట గౌరవం కోసం ముగిస్తున్నాం" అని ఎవరన్నా, ఆ వాక్యం వెనక ఈ అంకెలున్నాయని గుర్తుపెట్టుకుంటే చాలు. అలాగని అది పాపమేం కాదు, జీతాలు ఆ సొమ్ములోంచే వస్తాయి.

ముగించారు సరే, అదే పోటీయా?

మళ్లీ మొదలైనప్పుడు స్టేడియాల్లో జనం లేరు. సీజన్లో మొదటి మూడొంతులు వేలమంది కేకల మధ్య, చివరి భాగం ఖాళీ కుర్చీల మధ్య. జర్మనీలో మళ్లీ మొదలైన తొలి వారాల్లోనే సొంత మైదానంలో గెలుపులు బాగా తగ్గడం అందరి కంటా పడింది. అంటే బలమైన ప్రత్యర్థులను తన మైదానంలో ఎదుర్కోవాల్సిన మ్యాచ్‌లు వెనక మిగిలిపోయిన జట్టుకు, ఆ అండ లేకుండా పోయింది. ప్రీమియర్ లీగ్‌లో ఒక దశలో అన్ని మ్యాచ్‌లూ తటస్థ మైదానాల్లో పెడదామన్న ఆలోచన వచ్చినప్పుడు దిగువ జట్లు గట్టిగా అడ్డుకున్నది ఇందుకే.

నిబంధన కూడా మారింది. ఆట నియమాలు చూసే బోర్డు మే 8న మూడుకు బదులు ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను అనుమతించింది, వరుస మ్యాచ్‌లతో ఆటగాళ్లు కుదేలవుతారని. ఉద్దేశం మంచిదే. కానీ బెంచీ మీద ఐదుగురు స్టార్లున్న జట్టుకూ, ఐదుగురు కుర్రాళ్లున్న జట్టుకూ దీని లాభం ఒకటి కాదు. తర్వాతి సీజన్లో ప్రీమియర్ లీగ్ క్లబ్‌లు ఓటేసి మళ్లీ మూడుకే వెళ్లిపోయాయి.

ఇంగ్లండ్‌లో మళ్లీ మొదలైన మొట్టమొదటి మ్యాచ్ ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్‌ల మధ్య. విల్లా గోల్‌కీపర్ బంతి పట్టుకుని గోల్‌పోస్టు వైపు వెనక్కి జారాడు, బంతి గీత దాటేసింది, టీవీ చూస్తున్న ప్రతివాడికీ కనిపించింది. రిఫరీ చేతి గడియారం మాత్రం మోగలేదు. బంతి గీత దాటగానే ఆ గడియారాన్ని మోగించే గోల్‌లైన్ సాంకేతికతకున్న ఏడు కెమెరాలకూ ఆటగాళ్లు అడ్డొచ్చారని ఆ సంస్థ తర్వాత క్షమాపణ చెప్పింది, 9,000కు పైగా మ్యాచ్‌ల్లో ఇలా జరగడం ఇదే మొదటిసారట. 0-0 డ్రా, విల్లాకు ఒక పాయింటు. సీజన్ చివర విల్లా 35, బోర్న్‌మత్ 34. ఆ గోల్ ఇచ్చి మ్యాచ్ 1-0గా ముగిసుంటే విల్లా కూడా 34 దగ్గరే ఆగేది, అప్పుడు చూసే గోల్ తేడాలో (వేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) బోర్న్‌మత్‌ది పైచేయి. దీనికీ కొవిడ్‌కూ సంబంధం లేదు, మామూలు సీజన్లోనూ జరగొచ్చు. ఇక్కడెందుకు చెప్తున్నానంటే, ఆడి ముగిస్తే న్యాయం దానంతటదే వచ్చేస్తుందని నమ్మేవాళ్లు ఈ మ్యాచ్ ఒకసారి చూడాలి.

ఆపేస్తే లెక్క ఎలా తేల్చాలి

ఆపేయాలని నిర్ణయించాక దారులు స్థూలంగా ఇవి: పట్టిక ఎలా ఉందో అలాగే ఖాయం చేయడం, మ్యాచ్‌కు సగటు పాయింట్లు తీయడం, లేదా సీజనే లేదనుకోవడం. ప్లేఆఫ్‌లు పెట్టడం, జట్ల సంఖ్య పెంచడం లాంటివి వీటికి అతుకులు.

ఉన్నది ఉన్నట్టు ఖాయం చేయడం అందరూ సమానంగా ఆడి ఉన్నప్పుడు, తేడాలు పెద్దవైనప్పుడు బాగానే ఉంటుంది. బెల్జియంలో క్లబ్ బ్రుగె 15 పాయింట్లు ముందుంది, ఛాంపియన్‌గా ప్రకటిస్తే పెద్దగా ఎవరూ కాదనలేదు. మన ఐ-లీగ్‌లో అయితే మోహన్ బగాన్ ఆట ఆగకముందే, ఇంకా నాలుగు రౌండ్లుండగానే టైటిల్ ఖాయం చేసుకుంది, మిగతావి రద్దు చేయడం అక్కడ తేలికైపోయింది.

మ్యాచ్‌ల సంఖ్య తేడాగా ఉన్నచోట సగటు పద్ధతి వస్తుంది. పాయింట్లను ఆడిన మ్యాచ్‌లతో భాగించడమే, అంతకుమించి ఏం లేదు. ఇంగ్లండ్ మూడో డివిజన్ లీగ్ వన్‌ను చూడండి. ఆగేసరికి పీటర్‌బరోకు 35 మ్యాచ్‌ల్లో 59 పాయింట్లు, ఆరో స్థానం, అంటే ప్లేఆఫ్‌లో చివరి చోటు. సండర్లాండ్‌కు 36 మ్యాచ్‌ల్లో 59. వైకమ్‌కు 34 మ్యాచ్‌ల్లో అవే 59, గోల్ తేడా వల్ల ఎనిమిదో స్థానం. భాగించి చూస్తే వైకమ్ 1.74, పీటర్‌బరో 1.69, సండర్లాండ్ 1.64. వీళ్లకు పైనున్న ఆక్స్‌ఫర్డ్, పోర్ట్స్‌మత్, ఫ్లీట్‌వుడ్ మూడింటికీ 35 మ్యాచ్‌ల్లో 60, అంటే 1.71. వైకమ్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఎనిమిది నుంచి మూడుకు ఎగబాకింది, పీటర్‌బరో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ప్లేఆఫ్ నుంచి బయటపడింది. వైకమ్ ఆ ప్లేఆఫ్ ఫైనల్లో ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించి చరిత్రలో తొలిసారి రెండో డివిజన్‌కు వెళ్లింది. లెక్క తప్పా? తప్పేం లేదు. పీటర్‌బరో అభిమానికి కోపం రావడం తప్పా? అదీ కాదు.

సగటులో ఇంకో లోపం ఉంది, అది లోతుగా చూస్తేగాని కనిపించదు. ఊహకు రెండు జట్లు తీసుకుందాం, 34 మ్యాచ్‌ల లీగ్, 17 సొంత మైదానంలో, 17 బయట. రెండు జట్లూ సొంత మైదానంలో మ్యాచ్‌కు 2 పాయింట్లు, బయట 1 పాయింటు తెచ్చుకునే రకం, అంటే బలంలో కవలలు. 27 మ్యాచ్‌ల దగ్గర లీగ్ ఆగింది. మొదటి జట్టు అప్పటికి ఇంట్లో 15, బయట 12 ఆడింది: 30 + 12 = 42. రెండోది ఇంట్లో 12, బయట 15: 24 + 15 = 39. మామూలు సగటు లెక్కలో మొదటి జట్టుది 1.56, రెండోది 1.44, మొదటిదే ముందు. ఇప్పుడు మిగిలిన మ్యాచ్‌లను ఇంటికీ బయటికీ విడదీసి లెక్కేయండి. మొదటి జట్టుకు ఇంట్లో 2, బయట 5 మిగిలాయి: 42 + 4 + 5 = 51. రెండోదానికి ఇంట్లో 5, బయట 2: 39 + 10 + 2 = 51. సమానం! ఆ మూడు పాయింట్ల ఆధిక్యం అంతా షెడ్యూల్ వేసినవాడి చలవే.

మరి అందరూ ఈ రెండో లెక్కే వాడొచ్చుగా అంటే, ఇదీ ప్రత్యర్థి బలాన్ని పట్టించుకోదు. మిగిలిన ఐదు ఇంటి మ్యాచ్‌లూ టాప్ జట్లతోనైతే మ్యాచ్‌కు 2 పాయింట్లు వస్తాయని ఎవరు చెప్పగలరు? దాన్నీ కలిపితే లెక్క ఇంకా చిక్కబడుతుంది, గాయాల నుంచి కోలుకున్న ఆటగాళ్ల సంగతేంటని ఇంకొకరు లేస్తారు, చివరికి సామాన్య అభిమానికి అర్థంకాని సూత్రంతో ఒక క్లబ్‌ను కిందికి తోయాల్సి వస్తుంది. ఇంగ్లండ్ కింది డివిజన్లు సాదా సగటుకే ఓటేశాయి, అదైతే అందరూ కాగితం మీద వేసి సరిచూసుకోగలరు. నాకూ అదే సబబనిపిస్తుంది, కచ్చితత్వం కొంత తగ్గినా సరే.

స్కాట్లాండ్ రెండో డివిజన్లో పార్టిక్ థిసిల్ సంగతి మరీ బాధాకరం. వాళ్లకు 27 మ్యాచ్‌ల్లో 26 పాయింట్లు, వాళ్లపైన క్వీన్ ఆఫ్ ది సౌత్‌కు 28 మ్యాచ్‌ల్లో 28. సగటు 0.96, 1.00. చేతిలో ఉన్న ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే పార్టిక్ 29తో పైకొచ్చేది. ఆడే వీల్లేదు కాబట్టి దిగిపోయింది. మొదటి డివిజన్ అడుగున హార్ట్స్, ఎనిమిది మ్యాచ్‌లు మిగిలుండగా నాలుగు పాయింట్ల తేడాతో దిగింది. రెండు క్లబ్‌లూ పోరాడి, మధ్యవర్తిత్వంలో ఓడిపోయాయి.

ఇక రద్దు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఇంగ్లండ్‌లో మూడేసి మ్యాచ్‌లు కాగానే సీజన్ ఆపి రికార్డులే తీసేశారు, మూడూ గెలిచిన బ్లాక్‌పూల్ అప్పుడు పైనుంది. మూడు మ్యాచ్‌లకైతే సరే. 2020లో నెదర్లాండ్స్ మూడొంతులు అయిపోయాక ఆపి, ఛాంపియన్ లేరు, దిగేవాళ్లు లేరు, ఎక్కేవాళ్లు లేరు అంది. రెండో డివిజన్లో పైనున్న కాంబ్యూర్, డి గ్రాఫ్‌స్కాప్ కోర్టుకెళ్లి ఓడిపోయాయి. రద్దు చేస్తే ఎవరికీ అన్యాయం జరగదని అనుకునేవాళ్లకు జవాబు ఈ రెండు క్లబ్‌లే.

పైగా మొత్తం రద్దు చేయడం నెదర్లాండ్స్‌కూ కుదరలేదు, యూరప్ పోటీలకు పేర్లు పంపాలి కదా. అయాక్స్, ఏజెడ్ రెండింటికీ 25 మ్యాచ్‌ల్లో 56 పాయింట్లు. గోల్ తేడాలో అయాక్స్ ముందుంది కాబట్టి నేరుగా ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు, ఏజెడ్ అర్హత రౌండ్లకు. అయితే ఆ సీజన్లో ఏజెడ్ అయాక్స్‌ను రెండుసార్లూ ఓడించింది! ముఖాముఖి ఫలితం చూసే లీగ్ అయ్యుంటే జవాబు తారుమారు. నిబంధన ప్రకారం అయాక్స్‌దే హక్కు, కాకపోతే ఆ నిబంధన 34 మ్యాచ్‌ల పట్టిక కోసం రాసింది.

నిర్ణయించేది ఎవరు

ఇక్కడే నా అసలు అభ్యంతరం. 2020లో ఈ పద్ధతుల్లో ఏదెంచుకోవాలో చాలాచోట్ల తేల్చింది క్లబ్‌లే, అదీ పట్టిక ముందు పెట్టుకుని. ఏ లెక్కకు తాము ఎక్కడ తేలతామో ప్రతి క్లబ్‌కూ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పేకముక్కలు తిప్పి చూసుకున్నాక జోకర్ ఏదో నిర్ణయిద్దామన్నట్టు. అందులో కుట్రేం లేదు, క్లబ్ డైరెక్టర్ల పనే తమ క్లబ్‌ను కాపాడుకోవడం. తటస్థంగా ఓటేయగలిగినవాడు మాత్రం ఆ గదిలో ఎవడూ ఉండడు.

స్కాట్లాండ్‌లో కింది డివిజన్లను ముగించే తీర్మానం నెగ్గాలంటే రెండో డివిజన్లో పది క్లబ్‌లకు ఎనిమిది ఒప్పుకోవాలి. ఏడు ఒప్పుకున్నాయి, రెండు కాదన్నాయి. మిగిలింది డండీ. డండీ వద్దని పంపిన ఓటు లీగ్ ఆఫీసు మెయిల్‌లో అనుమానాస్పద సందేశాల ఫోల్డర్‌లో ఇరుక్కుపోయింది. అది బయటపడేలోపు తమ ఓటును లెక్కించొద్దని డండీ చెప్పింది, కొన్నాళ్లకు సరేనని ఓటేసింది, తీర్మానం నెగ్గింది. సీజన్ ముగిస్తేనే బహుమతి సొమ్ము పంచగలమని లీగ్ చెప్పడంతో చిన్న క్లబ్‌లకు వేరే దారి కూడా పెద్దగా కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో 34 క్లబ్‌లను ఎక్కడం దిగడం ఉండాలా అని అడిగితే 16 ఉండాలన్నాయి, 9 వద్దన్నాయి, మిగతా 9 ఎటూ చెప్పలేదు. తగినంత మద్దతు లేదంటూ సమాఖ్య వద్దనే తేల్చింది.

క్లబ్‌ల చేతిలో లేకుండా పోయిన దేశం ఫ్రాన్స్. ఏప్రిల్ 28న ప్రధాని ఎడ్వర్డ్ ఫిలిప్ ఈ సీజన్ మళ్లీ మొదలవదని పార్లమెంటులో చెప్పేశారు. లీగ్ సగటు లెక్కతో ముగించి పారిస్ సెయింట్ జర్మేన్‌ను ఛాంపియన్ చేసింది. లియాన్ 40 పాయింట్లతో ఏడో స్థానం, పైనున్న నీస్, రీమ్స్‌లకు 41. పది రౌండ్లు మిగిలుండగా ఆ ఒక్క పాయింటుతో లియాన్ యూరప్ చోటు పోయింది. అదే లియాన్ ఆగస్టులో లిస్బన్ వెళ్లి మాంచెస్టర్ సిటీని ఓడించి ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడింది. మొదట మొండిగా ఆపేయాలన్న ఫ్రాన్స్‌ను మెచ్చుకున్నవాళ్లే, పక్క దేశాలు మళ్లీ మొదలెట్టేసరికి తొందరపడ్డారని తిట్టారు.

దిగిపోయిన అమియాన్, టూలూజ్ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లాయి. జూన్ 9న అది సీజన్ ముగింపును సమర్థిస్తూనే ఆ రెండింటినీ దింపడాన్ని నిలిపేసి మళ్లీ ఆలోచించమంది. 22 జట్ల లీగ్ పెడితే సరిపోయేది, అందుకు లీగూ సమాఖ్యా ఒప్పుకోలేదు. వాళ్ల వాదనా కొట్టిపారేసేది కాదు, క్యాలెండర్ ముందే కిక్కిరిసి ఉంది, టీవీ సొమ్మును ఇంకో ఇద్దరికి పంచాలి. ఆ రెండు క్లబ్‌లూ చివరికి దిగాయి.

ముందే రాసిపెట్టుకుంటే?

అప్పట్లో ఈ కోణంలో కాస్త ఆలోచించింది ఇటలీ. ఆట మొదలవుతున్న జూన్‌లోనే, మళ్లీ ఆగితే ఏం చేయాలో సమాఖ్య రాసిపెట్టింది: వీలైతే ప్లేఆఫ్‌లు, అదీ కుదరకపోతే ఇంటి, బయటి సగటులతో లెక్క. లెక్కతో క్లబ్‌లను దింపొచ్చు కానీ, గణితపరంగా ముందే ఖాయమైతే తప్ప టైటిల్ ఇవ్వకూడదని కూడా తేల్చారు. వాడే అవసరం రాలేదు, ఆగస్టు 2న సీజన్ ముగిసింది. నాకైతే ఇందులో ఒక చిత్రమైన అసమానత కనిపిస్తుంది, ట్రోఫీకి పనికిరాని లెక్క ఒక క్లబ్‌ను కిందికి తోయడానికి ఎలా పనికొస్తుంది? దానికీ వాళ్ల దగ్గర జవాబుంది: టైటిల్ ఖాళీగా వదిలేస్తే లీగ్ ఆగదు, కింది నుంచి ఎక్కేవాళ్లకు చోటు ఖాళీ చేయకపోతే ఆగుతుంది.

ముందే రాసుకున్నా ఒక ముడి మిగిలే ఉంటుంది, ఎన్ని మ్యాచ్‌లు అయ్యాక పట్టికకు విలువ ఇవ్వాలన్నది. అందరూ అందరితో ఒకసారి ఆడాక, అంటే సరిగ్గా సగం దగ్గర, అని కొందరంటారు, అప్పటికి కనీసం ప్రత్యర్థులైనా సమానం. మూడొంతులు కావాలని కొందరు. 2022లో యుద్ధంతో ఉక్రెయిన్ లీగ్ ఆగినప్పుడు 30 మ్యాచ్‌ల సీజన్లో 18 రౌండ్లయ్యాయి, షక్తార్ దొనెట్స్క్‌కు 47 పాయింట్లు, డైనమో కీవ్‌కు 45. సగం దాటింది, మూడొంతులు కాలేదు. ఏప్రిల్‌లో లీగ్‌ను ముగించి టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు, యూరప్ చోట్లు మాత్రం ఆ పట్టిక ప్రకారమే ఇచ్చారు.